పెద్దవాళ్ల ఫేస్‌బుక్ లాగిన్: పాస్‌వర్డా, పాస్‌కీనా, ఓటీపీనా? ఏది మేలు?

అరవై దాటాక తొలిసారి ఫేస్‌బుక్‌లోకి వచ్చే అమ్మకో, నాన్నకో లాగిన్ పెట్టిచ్చేటప్పుడు అందరూ చూసేది ఒక్కటే: దొంగలు లోపలికి రాకూడదు. నిజమే. కానీ పెద్దవాళ్లకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫోన్ మారిస్తేనో, సిమ్ ఆగిపోతేనో సొంత అకౌంట్‌కే తాము బయటివాళ్లయిపోవడం. ఇక్కడ ప్రతి పద్ధతినీ రెండు ప్రశ్నలతో తూచాం. మోసగాడు దీన్ని ఎంత తేలిగ్గా లాగేస్తాడు? ఫోన్ పోయిన రోజు పెద్దాయన మళ్లీ ఎలా లోపలికి వస్తాడు? రెండో ప్రశ్నకు జవాబు లేని పద్ధతి ఎంత భద్రమైనదైనా పెద్దవాళ్లకు పనికిరాదని మా అభిప్రాయం.

అకౌంట్ ఎవరి నంబర్ మీద?

పాస్‌వర్డ్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మన ఇళ్లలో మూడు రకాలు కనిపిస్తాయి: వాళ్ల సొంత నంబర్ మీద తెరిచినవి, పిల్లల నంబర్ మీద తెరిచినవి, ఫోన్ కొన్న రోజు సెల్ షాపులో కుర్రాడు అప్పటికప్పుడు సృష్టించిన జీమెయిల్ మీద తెరిచినవి.

పిల్లల నంబర్ మొదట్లో హాయిగా ఉంటుంది, అమ్మ ఏ కోడ్ (ఓటీపీ) గురించీ ఆలోచించక్కర్లేదు. చిక్కు తర్వాత మొదలవుతుంది. కరీంనగర్‌లో అమ్మ లాగిన్ నొక్కితే కోడ్ డాలస్‌లో ఉన్న కొడుక్కి వెళ్తుంది, అక్కడ అర్ధరాత్రి. అతను లేచి ఆరంకెలూ ఫోన్లో చదివి వినిపిస్తాడు. ఇలా కొన్నిసార్లు జరిగితే, కోడ్‌లు ఫోన్లో చెప్పుకోవడం మామూలు పనే అని అమ్మకు అలవాటవుతుంది. మోసగాడికి కావలసింది సరిగ్గా ఆ అలవాటే. "ఆంటీ, నా కోడ్ పొరపాటున మీ నంబర్‌కి వచ్చింది, కాస్త పంపండి" అని తెలిసినవాళ్ల అకౌంట్ నుంచి మెసేజ్ వస్తే ఆమె ఎందుకు అనుమానిస్తుంది?

సొంత నంబరే మేలు. అయితే ఏ సొంత నంబర్ అన్నది చూడాలి. రెండు సిమ్‌ల ఫోన్లో ఒకటి రోజూ వాడేది, ఇంకోటి ఎప్పుడో రీచార్జ్ చేసి వదిలేసింది. అకౌంట్ ఈ రెండో దాని మీద ఉంటే ప్రమాదం. ప్యాక్ గడువు తీరాక ఇన్‌కమింగ్ ఆగిపోతుంది, కోడ్ రాదు. 90 రోజులు వాడకుండా, అందులో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీ రద్దు చేయొచ్చు. రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజుల తర్వాత మరొకరికి కేటాయిస్తారు. ఆ కొత్త మనిషి ఊరికే "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కినా మీ నాన్న అకౌంట్ కోడ్ అతని ఫోన్‌కే చేరుతుంది. ఇంట్లో వైఫై ఉండి డేటా అక్కర్లేనివాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పనికొచ్చే ప్యాక్‌లు 2025 నుంచి అన్ని పెద్ద కంపెనీలూ ఇస్తున్నాయి. కోడ్ వచ్చే సిమ్‌కు అలాంటి దీర్ఘకాలపు ప్యాక్ వేసి ఉంచడం చౌకైన భద్రత.

సిమ్ బటన్ ఫోన్లో, ఫేస్‌బుక్ మనవడి పాత స్మార్ట్‌ఫోన్లో వైఫై మీద ఉండే ఇళ్లూ చాలానే. ఇది వినడానికి గజిబిజిగా ఉన్నా మంచి ఏర్పాటే. స్మార్ట్‌ఫోన్లో ఏ దొంగ యాప్ దూరినా బటన్ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌ను చదవలేదు.

సెల్ షాపు జీమెయిల్ విషయానికొస్తే, దాని పాస్‌వర్డ్ షాపువాడికీ గుర్తుండదు, ఇంట్లోవాళ్లకు అసలే తెలియదు. ఆ ఫోన్లో జీమెయిల్ ఇంకా తెరిచి ఉన్నప్పుడే కొత్త పాస్‌వర్డ్ పెట్టేయండి. సెట్టింగ్స్‌లో గూగుల్‌లోకి, అక్కడి నుంచి సెక్యూరిటీలోకి వెళ్లి పాస్‌వర్డ్ నొక్కాలి. పాతది తెలియదంటే స్క్రీన్ లాక్‌తో ధ్రువీకరించుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. ఫోన్ పాడయ్యాక ఈ దారి ఉండదు. పనిలో పనిగా రికవరీ నంబర్‌లో షాపువాడి నంబర్ ఉందేమో చూసి తీసేయండి. తర్వాత ఫేస్‌బుక్‌లో సొంత నంబర్, ఈ జీమెయిల్ రెండూ చేర్చండి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

పాస్‌వర్డ్: పుస్తకంలో రాయడమా, ఫోన్లో దాచడమా?

పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదని ఆఫీసుల్లో చెప్పే సూత్రం పెద్దవాళ్లకు అంతగా వర్తించదు. రాయొద్దంటే వాళ్లు చేసేది పుట్టిన సంవత్సరమో, మనవరాలి పేరో పెట్టుకోవడం. దానికంటే గట్టి పాస్‌వర్డ్‌ను బీరువాలో బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు ఉండే పుస్తకంలో రాసిపెట్టడం వంద రెట్లు నయం. ఫేస్‌బుక్ దొంగ ఎక్కడో కూర్చుని ఉంటాడు, అతనికి మీ బీరువా అందదు. గోడ క్యాలెండర్ మీద, ఫోన్ వెనక కవర్ లోపల మాత్రం రాయనివ్వకండి.

రాసేటప్పుడు కొన్ని చిన్న విషయాలు పెద్ద ఇబ్బంది పెడతాయి. సున్నా, ఇంగ్లిష్ ఓ అక్షరం చేతిరాతలో ఒకేలా ఉంటాయి. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ కూడా అంతే. వీటిని అసలు వాడకండి. నాలుగు సంబంధం లేని మాటలు చిన్న అక్షరాల్లో కలిపి రాసి, చివర రెండంకెలు పెడితే చాలు, గుర్తులు, పెద్దక్షరాలు తక్కువగా ఉంటే కీబోర్డు మార్చే బాధ తగ్గుతుంది. తెలుగు మాటలైతే ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి, ఏ స్పెల్లింగ్ పెట్టారో అక్షరం అక్షరం పుస్తకంలో ఉండాలి. టైప్ చేసేటప్పుడు కంటి గుర్తు నొక్కి చుక్కల బదులు అక్షరాలు కనిపించేలా చేయండి. పక్కన ఎవరూ లేనప్పుడు దాచుకునే పని లేదు, తప్పు ఎక్కడ పడిందో కళ్లకు కనిపిస్తుంది.

పుస్తకానికి ఒక లోపం ఉంది, అది చిన్నది కాదు. పుస్తకం చూసి టైప్ చేసే మనిషి ఏ పేజీ అడిగినా టైప్ చేస్తాడు. మెసెంజర్‌లో "ఈ వీడియోలో ఉన్నది మీరేనా?" అని లింక్ వస్తుంది. నొక్కితే అచ్చం ఫేస్‌బుక్‌లాంటి నీలిరంగు పేజీ, నంబర్, పాస్‌వర్డ్ అడుగుతుంది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం తెచ్చుకుని, ఒక్కో అక్షరం శ్రద్ధగా కొట్టి ఇచ్చేస్తాడు.

గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచిన పాస్‌వర్డ్ అలా మోసపోదు. పేజీ రంగు, బొమ్మ దానికి పట్టవు, వెబ్ అడ్రస్ కలిస్తేనే నింపుతుంది, లేదంటే ఊరుకుంటుంది. కాబట్టి పెద్దవాళ్లకు ఒకే నియమం చెప్పొచ్చు: "ఫోన్ తనంతట తాను నింపకపోతే మీరూ నింపొద్దు. పేజీ మూసేసి, హోమ్ స్క్రీన్ మీద ఫేస్‌బుక్ బొమ్మ నొక్కి చూడండి." అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాలు వెతుక్కోమని చెప్పడం కంటే ఇది ఎక్కువగా గుర్తుంటుంది.

మా మాట: రెండూ చేయండి. రోజువారీ పనికి ఫోన్లో దాచింది, ఫోన్ పోయిన రోజుకి పుస్తకంలో ఉన్నది.

పాస్‌కీ వస్తే పాస్‌వర్డ్ అక్కర్లేదా?

పాస్‌కీ అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్ తాళంతోనే లాగిన్ అయ్యే ఏర్పాటు. ఫేస్‌బుక్ మొబైల్ యాప్‌కు దీన్ని ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2025 జూన్‌లో ప్రకటించింది. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ కింద ఉంటుంది. పెట్టుకున్నాక లాగిన్ అంటే వేలిముద్రో, ముఖమో, స్క్రీన్ పిన్నో. టైప్ చేసేది లేదు, ఎవరికో చదివి చెప్పడానికి ఏమీ లేదు, నకిలీ పేజీలో పనిచేయదు. మోసగాడి వైపు నుంచి చూస్తే ఇంతకు మించింది లేదు.

అడ్డంకులు వేరే చోట. పొలం పనిలోనో, అంట్లు తోమీ తోమీనో వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లకు రేషన్ షాపు మిషన్ దగ్గర పడే తిప్పలే ఫోన్ దగ్గరా ఎదురవుతాయి. పొడి గుడ్డతో వేలు తుడిచి, అదే బొటనవేలిని రెండు ముద్రలుగా నమోదు చేస్తే కొంత మెరుగు. అప్పటికీ పట్టకపోతే స్క్రీన్ పిన్ ఉండనే ఉంది, పాస్‌కీకి అదీ చెల్లుతుంది. అందుకే ఆ పిన్ 1234 అయితే పాస్‌కీకి విలువ లేదు. ఇంట్లో మనవళ్ల వేలిముద్రలు కూడా అమ్మ ఫోన్లో నమోదై ఉంటాయి, ఆట ఆడుకోవడానికి. వాళ్లంతా ఆమె అకౌంట్లోకి వెళ్లగలరు. ఫోన్ ఆమె ఒక్కదానిదే అయితేనే పాస్‌కీ పెట్టండి.

ఇంకో సంగతి. ఆండ్రాయిడ్‌లో మామూలుగా పాస్‌కీ గూగుల్ అకౌంట్‌లో నిల్వ ఉంటుంది. ఆ గూగుల్ అకౌంట్ షాపువాడు తెరిచి మరిచిపోయినదైతే, కొత్త ఫోన్‌కు మారిన రోజు పాస్‌కీ కూడా దానితో పాటే పోతుంది. పాస్‌కీ పెట్టినా ఫేస్‌బుక్‌లో పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది, కాబట్టి పుస్తకంలో పేజీ చించేయకండి.

రెండో తాళం: ఎస్సెమ్మెస్, యాప్, కాగితం

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ పెట్టాలా అంటే, పెట్టాలి. దేనితో అన్నదే తేడా.

ఫోన్లోనే కోడ్‌లు పుట్టించే ఆథెంటికేటర్ యాప్‌ను పెద్దవాళ్లకు వద్దనే చెబుతాం. 30 సెకన్లకోసారి అంకెలు మారతాయి, ఒక యాప్‌లో చూసి ఇంకో యాప్‌లోకి వచ్చి కొట్టేలోపు గడువు తీరిపోతుంది. ఫోన్ మార్చినప్పుడు దాన్ని కొత్త ఫోన్లోకి తీసుకెళ్లాలని ఎవరికీ గుర్తుండదు.

ఎస్సెమ్మెస్ తెలిసిన దారి. నిపుణులు దాన్ని బలహీనమంటారు, సిమ్ స్వాప్ (మీ నంబర్‌కు మోసగాడు డూప్లికేట్ సిమ్ తీసుకోవడం) పేరు చెబుతారు. మన దగ్గర పెద్దవాళ్లకు దానికంటే దగ్గరగా ఉన్న ముప్పు వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే యాప్‌లు. పెళ్లి పత్రిక, ఈ-చలాన్, పీఎం కిసాన్ అని పేరు పెట్టుకుని వస్తాయి. ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌ల అనుమతి ఇస్తే వచ్చే ప్రతి కోడ్‌నూ అవతలివాడు చదువుతాడు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ తెరిచి, వాట్సాప్‌కూ క్రోమ్‌కూ అనుమతి తీసేయండి. ఈ ఒక్క పని చేసిన ఫోన్లో ఎస్సెమ్మెస్ కోడ్ పెద్దవాళ్లకు సరిపోతుంది.

కోడ్ దగ్గర ఎక్కువగా జరిగే తప్పు తొందర. అరనిమిషంలో రాలేదని "మళ్లీ పంపు" మూడుసార్లు నొక్కుతారు, మూడు కోడ్‌లు వరుసగా వచ్చి పడతాయి, పైన కనిపించిన పాతది కొడతారు, తప్పంటుంది. చివరగా వచ్చినదే కొట్టాలి. ఇలా చాలాసార్లు తప్పితే ఫేస్‌బుక్ కాసేపు ఆపేస్తుంది. అప్పుడు కూర్చుని కొట్టే కొద్దీ నష్టమే, కొన్ని గంటలు వదిలేయాలి.

అందరూ మరిచిపోయేది, మేం అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది రికవరీ కోడ్స్. టూ ఫ్యాక్టర్ పెట్టాక అదే పేజీలో దొరుకుతాయి. ఒకసారి 10 కోడ్‌లు ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. సిమ్ లేకపోయినా, ఫోన్ నీళ్లలో పడినా పాస్‌వర్డ్‌తో పాటు వీటిలో ఒకటి కొడితే లోపలికి రావచ్చు. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో దాచుకుంటే లాభం లేదు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, పాస్‌వర్డ్ పుస్తకంలో కాకుండా వేరే చోట పెట్టండి, వాడినదాన్ని గీత పెట్టి కొట్టేయమని చెప్పండి.

పక్కన కూర్చుని నేర్పడమా, దూరం నుంచి స్క్రీన్ చూడడమా?

మొదటిసారి పక్కన కూర్చునే. అంతా పెట్టేశాక ఒకసారి లాగౌట్ చేసి, ఫోన్ వాళ్ల చేతికిచ్చి, మీరు వేలు పెట్టకుండా వాళ్లనే మళ్లీ లోపలికి రమ్మనండి. ఎక్కడ ఆగుతారో అక్కడే మీ ఏర్పాటు బలహీనం.

దూరంగా ఉన్న పిల్లలకు ఎనీడెస్క్ లాంటి యాప్‌ల కంటే వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ నయం, అందులో మీరు చూడగలరు తప్ప ఫోన్‌ను నడపలేరు. ఫోన్‌ను నడిపే యాప్ ఒకసారి ఇన్‌స్టాల్ చేయిస్తే, రేపు "కస్టమర్ కేర్" అని ఫోన్ చేసినవాడు అడిగినా అమ్మకు కొత్తగా అనిపించదు. ఫేస్‌బుక్‌కు మామూలు వాడుకరులతో మాట్లాడే కస్టమర్ కేర్ ఫోన్ నంబర్ లేదు, గూగుల్‌లో వెతికితే దొరికేవి మోసగాళ్లవే. స్క్రీన్ షేర్‌లోనూ కోడ్ వచ్చే ముందు ఆపేయండి, మెసేజ్ పైన తేలినా అవతల కనిపిస్తుంది. అమ్మ పాస్‌వర్డ్‌తో మీరే అమెరికాలో లాగిన్ అయి సరిచేద్దామనుకోవద్దు. కొత్త దేశం నుంచి కొత్త ఫోన్ అనేసరికి ఫేస్‌బుక్ అనుమానించి ఆమెనే ధ్రువీకరణ అడగొచ్చు.

ఏదైనా తేడా అనిపిస్తే అకౌంట్స్ సెంటర్‌లో "వేర్ యు ఆర్ లాగ్డ్ ఇన్" తెరిచి, తెలియని ఫోన్లన్నీ లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి. డబ్బు కూడా పోయిందంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇక నంబర్ మార్చే ఆలోచన ఉంటే, పాత సిమ్ పనిచేస్తుండగానే కొత్త నంబర్‌ను అకౌంట్‌కు చేర్చి, కోడ్ దానికి వస్తోందని చూసుకుని, ఆ తర్వాతే పాతది తీసేయండి.