తొంభైల నాటి గూస్‌బంప్స్ ఒరిజినల్స్ అంటూ అమ్ముతున్నాడు, నమ్మకండి

పాత పిల్లల పుస్తకాలు, కార్టూన్ డీవీడీలు అమ్మే ఆ హైదరాబాద్ అకౌంట్ దగ్గర దయచేసి ఎవరూ ఏమీ కొనకండి. పేరు రాయడం లేదు గానీ, పాత పుస్తకాల కోసం వెతికేవాళ్లకి ఎవరి గురించో అర్థమయ్యే ఉంటుంది. పార్సిల్ ఈరోజు మధ్యాహ్నమే వచ్చింది. కోపం ఇంకా దిగలేదు.

అతను పెట్టింది ఇదీ: తొంభైల్లో అచ్చయిన గూస్‌బంప్స్ (పిల్లల కోసం రాసిన ఇంగ్లిష్ దయ్యం కథల సిరీస్) పుస్తకాలు పదిహేను, వాటితోపాటు అప్పట్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ కార్టూన్ హిందీ డబ్బింగ్ డీవీడీలు. అన్నీ కలిపి 4,500 రూపాయలు, డబ్బు ముందే పంపాలి. మా తమ్ముడి పుట్టినరోజు దగ్గరకొచ్చింది, పంపేశాను. ఎండాకాలం సెలవుల్లో అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఇద్దరం పోటీ పడి చదివిన పుస్తకాలవి. మాట్లాడే బొమ్మ కథ చదివిన రాత్రి వాడు నా పక్కలోంచి కదల్లేదు.

వచ్చినవి పైరసీ కాపీలు. ఆ సిరీస్ 1992లో మొదలైంది, 1997 దాకా 62 పుస్తకాలొచ్చాయి. అప్పటి అట్టల మీద పేరు ఉబ్బెత్తుగా ఉండేది, వేలితో తడిమితే తెలిసేది. ఇవి నున్నగా ఉన్నాయి. టిమ్ జాకోబస్ వేసిన అట్ట బొమ్మలు చూస్తేనే భయమేసేది, ఇక్కడ రంగులన్నీ అలుక్కుపోయాయి. 1993 ప్రింట్ అని ప్రత్యేకంగా చెప్పి అంటగట్టిన దాని లోపలి పేజీలో ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబర్) 13 అంకెలతో ఉంది. 13 అంకెలు వచ్చిందే 2007లో, అంతకుముందు 10 ఉండేవి. ఇంకోదాంట్లో చివరి అధ్యాయమే లేదు. చివరి పేజీలో మెలిక కోసమే చదివే కథలు కదా అవి!

డీవీడీలంటే, మార్కర్‌తో పేర్లు రాసిన డిస్కులు. ఒక్కటే ఆడింది, అదీ ఇంగ్లిష్‌లో. గుల్జార్ రాసిన పాట లేదు, షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు లేదు. ఆ రెండూ లేకపోతే అది మనం చూసిన మోగ్లీ కానే కాదు.

ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా "అక్కా, మీకోసం పక్కన పెట్టినా, వేరేవాళ్లు అడుగుతున్నారు" అన్న మనిషే. విషయం చెప్పగానే "అక్షరాలు కనిపిస్తున్నయా లేదా?" అన్నాడు. కనిపిస్తున్నాయి గానీ మీరు ఒరిజినల్ అన్నారు కదా అన్నాను. "పిల్లల దయ్యం కథలకి ఒరిజినల్ ఏంది, డూప్లికేట్ ఏంది? ఈ వయసుల ఇవి చదువుతున్నవంటే నీకు పనిలేదు, నాకు మస్తు పనుంది" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. ఇతనూ నవ్వుతూనే పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్.

డబ్బు పోయినదానికన్నా ఆ నవ్వే ఎక్కువ మండుతోంది. ఈ పుస్తకాల మీద మనకున్న ఇష్టం చూసే అంత ధర కట్టాడు. డబ్బు అందాక ఆ ఇష్టాన్నే వెక్కిరించాడు. నేను సరుకు బాగాలేదని అడిగితే నా వయసు సంగతి అతనికెందుకు? పోస్టులో పెట్టిన ఫొటోల్లో ఉబ్బెత్తు అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే అసలువి ఎలా ఉంటాయో అతనికి బాగా తెలుసు. తెలిసే చేశాడు.

ఇలాంటివి కొనేవాళ్లు ఎవరి దగ్గరైనా సరే లోపలి కాపీరైట్ పేజీ ఫొటో, అట్టని వెలుతురులో అటూ ఇటూ తిప్పిన వీడియో అడగండి. వెనక బార్‌కోడ్ కింద 978తో మొదలయ్యే 13 అంకెల నంబర్ ఉన్నంత మాత్రాన కొత్తదనుకోకండి, పాతవాటిలోనూ ఉండొచ్చు. లోపలి పేజీయే చూడాలి. వీలైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల దగ్గరికి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్తున్నాను. చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచాను. అతని దగ్గరే మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, అందరి ఫిర్యాదులూ కలిపి ఇద్దాం.