డస్టరా, గజోజా?

వైబ్రాఫోన్ వినిపించే ఈ రెండు ఆల్బమ్‌లలో ఏది వినాలి? జాజ్ వాద్యకారుడు గ్యారీ బర్టన్ ‘డస్టర్’ 1967 నాటిది, గాంగ్ అనే రాక్ బృందం ‘గజోజ్’ వచ్చింది 1976లో. డస్టర్‌లో వాయించేది నలుగురే. బర్టన్ ఒక్కో చేతిలో రెండేసి మ్యాలెట్లు (వాయించే పుల్లలు) పట్టుకుని వైబ్రాఫోన్ అనే పలకల వాద్యం మీద నాలుగు స్వరాలు ఒకేసారి మోగిస్తుంటే, పక్కన ల్యారీ కోరియెల్ గిటార్ రాక్ ఘాటు తెస్తుంది, కానీ నడక మాత్రం జాజ్‌దే. గజోజ్ అలా కాదు, ఇందులో వైబ్రాఫోన్‌తో పాటు దాని లాంటిదే మరింబా కూడా ఉంది: వైబ్రాఫోన్‌వి లోహపు పలకలు కాబట్టి పెడల్ తొక్కి ఉంచితే స్వరం సాగుతూనే ఉంటుంది, మరింబావి చెక్క పలకలు, టక్కున మోగి తొందరగా అణిగిపోతుంది, ఈ రెండూ అల్లుకుంటుంటే వాటి మీదుగా అలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్ జారుకుంటూ పోతుంది. నా ఓటు దీనికే (డ్రమ్స్ కాస్త ఎక్కువైన చోట్లున్నాయి, అది వేరే సంగతి). రాక్ అలవాటున్నవాళ్లు గజోజ్‌తో మొదలుపెట్టండి, డస్టర్ మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా వినాలి.