కూరగాయల సూప్ చిక్కబడాలంటే: కార్న్‌ఫ్లోరా, పెసరపప్పా?

క్యారెట్, బీన్స్, సొరకాయ ముక్కలతో ఇంట్లో సూప్ కాచేవారికి, దానికి చిక్కదనం దేనితో తేవాలన్న సందేహం తరచూ కలుగుతుంది.

ఖర్చు: నలుగురికి రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్ గాని, గుప్పెడు పెసరపప్పు గాని చాలు కనుక, ఇది లెక్కలోకి రాదు.

శ్రమ: కార్న్‌ఫ్లోర్‌తో రెండు మూడు నిమిషాల్లో పని ముగుస్తుంది. పెసరపప్పునైతే కడిగి, ముక్కలతో పాటు కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదపాలి.

ఇబ్బంది: కార్న్‌ఫ్లోర్‌ను నేరుగా మరిగే సూప్‌లో వేస్తే, పైపొర వెంటనే ఉడికిపోయి లోపల పొడి అలాగే మిగిలి ఉండలు కడుతుంది, అందువల్ల దానిని ముందుగా చన్నీళ్లలో జారుగా కలుపుకొని, గరిటె తిప్పుతూ సన్నని ధారగా పోయాలి. అలా కుదిరిన సూప్ కూడా ఎక్కువసేపు మరిగితే మళ్లీ పలచబడుతుంది. పప్పు సూప్ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది గాని, కాసిని వేడినీళ్లతో సరిపోతుంది.

పోషణ: కార్న్‌ఫ్లోర్‌లో ఉన్నది దాదాపుగా పిండిపదార్థమే; పెసరపప్పు మాంసకృత్తులను కూడా ఇస్తుంది. నా మొగ్గు దీనివైపే.

ముక్కలు విడివిడిగా కనిపించే తేటైన సూప్‌ను అతిథులకు అప్పటికప్పుడు అందించాలంటే కార్న్‌ఫ్లోర్ తగినది. పిల్లలకూ పెద్దవారికీ రాత్రి భోజనానికి బదులుగా ఇవ్వాలన్నా, ఒకరి తరువాత ఒకరు వచ్చి తినే ఇంట్లో మళ్లీ మళ్లీ వేడిచేయవలసి వచ్చినా, మిరియాల పొడి చల్లిన పెసరపప్పు సూప్ మేలు.