ఇన్సులిన్ టెస్టా, సినాక్తెన్ టెస్టా?

ఒంట్లో కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోడానికి కావాల్సిన హార్మోన్) సరిపడా తయారవుతోందా అని చూసే పరీక్షలివి.

ఇన్సులిన్ టెస్ట్‌లో నరానికి ఇన్సులిన్ ఇచ్చి షుగర్‌ని కావాలనే 40 కిందికి దించుతారు. చెమటలు, వణుకు, గుండె దడ మొదలవుతాయి, ఆ దెబ్బకి మెదడు నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి కిడ్నీల పైనుండే అడ్రినల్‌కి కబురు వెళ్లి కార్టిసాల్ పెరుగుతోందా అని మధ్యమధ్యలో రక్తం తీసి చూస్తారు. దారి మొత్తం తెలిసిపోతుంది, గ్రోత్ హార్మోన్ సంగతి కూడా. కానీ ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్లకి వద్దే వద్దు. పక్కన డాక్టర్, గ్లూకోజ్ సిద్ధంగా ఉండాల్సిందే.

సినాక్తెన్ (పిట్యూటరీ పంపే హార్మోన్‌లాగే పనిచేసే మందు) టెస్ట్ తేలిక. 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్, అరగంటకి, గంటకి రక్తం, అంతే. అయితే ఇది అడ్రినల్‌నే నేరుగా తట్టి లేపుతుంది కాబట్టి, పిట్యూటరీ ఆపరేషన్ అయిన కొత్తలో అడ్రినల్ ఇంకా చురుగ్గానే ఉండి రిపోర్ట్ నార్మల్ అని రావచ్చు, అసలు లోపం దాగిపోతుంది. ఆ కొద్ది వారాలు దీన్ని నమ్మొద్దు. మిగతా చాలామందికి నేనైతే ముందు ఇదే చేయించుకోమంటాను.