ఎనిమిది సీజన్లు ఎక్సెల్‌లో ఎంట్రీ కొట్టాక

మా ఊరు సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ దగ్గర. వానాకాలం, యాసంగి కలిపి ఎనిమిది సీజన్లుగా వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతుల వివరాలు ఎక్సెల్‌లో నేనే కొడుతున్నా. పేరు, సర్వే నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, తేమ శాతం, 40 కిలోల సంచులు ఎన్ని, అన్నీ అందులోనే.

ఎంట్రీ స్పీడు మాత్రం చాలా బాగుంటుంది. ట్యాబ్ కొట్టుకుంటూ పక్క సెల్‌లకు, అంటే పక్క గడులకు పోయి, చివర్లో ఎంటర్ కొడితే కింది వరుస మొదటికే వస్తుంది. కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే ఇవాళ్టి తేదీ. పైనున్న ఊరి పేరే కావాలంటే కంట్రోల్ డి. మౌస్ ముట్టే పనే లేదు.

భయమంతా వేరేచోట. మనం కొట్టిందాన్ని సెల్ తనకు తోచినట్టు మార్చుకుంటుంది. సర్వే నంబరు 12/2 అని కొట్టామా, ఫిబ్రవరి 12 అయి కూర్చుంటుంది. తర్వాత ఆ సెల్‌ను టెక్స్ట్‌లోకి, అంటే కొట్టింది కొట్టినట్టే ఉంచే రకంలోకి మారిస్తే 45700 లాంటి అంకె వస్తుంది. అది 1900 జనవరి 1 నుంచి ఎక్సెల్ లెక్కేసుకునే రోజుల సంఖ్య. 12/అ జోలికి మాత్రం పోదు, అక్షరం ఉంది కదా.

సర్వే నంబరైతే కంటికి కనిపిస్తుంది, దిద్దుకుంటాం. ఖాతా నంబరు అట్లా కాదు. ఒక యాసంగిలో ఒక పెద్దాయనది 16 అంకెల ఖాతా, చివర 7. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే పట్టుకుంటుంది, పదహారోది సున్నా చేస్తుంది. సెల్‌లో మధ్యన ఇంగ్లిష్ ‘E’ అక్షరంతో ఏదో పొట్టి సంఖ్య కనిపిస్తే, ఫార్మాట్ మార్చి అంకెలన్నీ వచ్చాయి కదా అనుకున్నా. చివరిది చూడలేదు. డబ్బులు వెనక్కి పోయాయి. ఆయన పాసుబుక్కు పట్టుకొని వచ్చి, “బిడ్డా, అందరికీ పైసలు పడ్డయి. నా వడ్లు మంచిగ లేవా?” అని అడిగిండు. తేమ పరిమితి 17 శాతం, ఆయన వడ్లది 14. “వడ్లు మంచిగనే ఉన్నయి పెద్దనాయనా, తప్పు నాది” అన్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయిన అంకెను తర్వాత ఏ ఫార్మాటూ తిరిగి తేదు. అందుకే ఇప్పుడు ఖాళీ షీట్‌లోనే సర్వే, ఆధార్, ఖాతా కాలమ్‌లు సెలెక్ట్ చేసి ముందే టెక్స్ట్ పెడతా. ఒక్క సెల్‌కైతే ముందు సింగిల్ కోట్ గుర్తు కొడితే చాలు. తర్వాత మూలన పచ్చ త్రికోణం వచ్చి నంబరుగా మార్చమంటావా అంటుంది, అది అస్సలు నొక్కొద్దు. ఆధార్‌కు డేటా వాలిడేషన్‌లో, అంటే తప్పుగా కొడితే ఆపే సెట్టింగ్‌లో, 12 అక్షరాలే అని పెట్టుకున్నా. టైప్ చేస్తే ఆపుతుంది కానీ, కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆపదు.

దిద్దేటప్పుడు ఎఫ్2 నొక్కాలి. నొక్కకుండా ఒక్క అక్షరం కొట్టినా పాతదంతా పోతుంది. వెంటనే ఎస్కేప్ కొడితే పాతదే ఉంటుంది. ఇంకోటి, అదే కాలమ్‌లో ముందున్న పేరును తనే పూరించేస్తుంది. ఒకే ఇంటిపేరు వాళ్లు వరుసగా వస్తే అన్న వడ్లు తమ్ముడి పేరు మీద పడతాయి. ఆప్షన్స్‌లో ఆ ఆటోకంప్లీట్ తీసేశా.

ఇప్పుడు ప్రతి రైతుకూ ఎంట్రీ అయ్యాక, సెల్‌లో అసలు ఏముందో చూపించే పైనున్న ఫార్ములా బార్‌లోని ఖాతా నంబరే చదివి వినిపిస్తా. పాసుబుక్కు మీద వేలు పెట్టి ఒక్కో అంకె చూసుకొని “ఔ” అన్నాకనే తర్వాతి మనిషిని పిలుస్తా.