యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్: బొమ్మ బాగానే వస్తుంది, మాటే వెనకబడుతుంది

వీహెచ్ఎస్ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఈ చిన్న స్టిక్‌ల గురించి ఎవరు రాసినా బొమ్మ ఎంత బాగా వస్తుందో రాస్తారు. చాలాకాలం వాడాక కూడా నాకు బొమ్మ మీద పెద్ద ఫిర్యాదు లేదు. అసలు వీహెచ్ఎస్‌లో ఉండేదే అడ్డంగా సుమారు 240 లైన్ల స్పష్టత. దాన్ని అందుకోవడానికి గొప్ప చిప్ అక్కర్లేదు. నా కోపమంతా ఒక్కదాని మీదే: ఇది ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రాన్ని, వదిలేస్తుంది, వదిలేసినట్టు చెప్పదు.

క్యాసెట్ మొదట్లో పెదాలూ మాటా కలిసే ఉంటాయి. రెండో గంటలోకి వచ్చేసరికి మనిషి నోరు మూశాక మాట వినిపిస్తుంది. మొదటి పది నిమిషాలు చూసి బాగానే వచ్చిందనుకుని క్యాసెట్ పక్కన పెట్టేస్తే ఈ సంగతి బయటపడదు. చూడాల్సింది చివరి ఐదు నిమిషాలు.

క్యామ్‌కార్డర్‌లో రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోటా, మధ్యలో ఖాళీ టేపు మిగిలిన చోటా సింక్ పల్సుల (ప్రతి లైనూ, ఫ్రేమూ ఎక్కడ మొదలవుతుందో చెప్పే సంకేతాల) వరస తెగుతుంది. టేపు సాగి ఉంటే బొమ్మను కూర్చే అడ్డ లైన్లు రావలసిన క్షణానికి కాక కాస్త ముందో వెనకో వస్తాయి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు ఈ తడబాటును సర్దుకునేవి. స్టిక్ సర్దుకోదు, లెక్కకు అందని ఫ్రేమును పారేస్తుంది. ఆడియో మాత్రం ఆగకుండా రికార్డవుతూనే ఉంటుంది. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు కదా, క్యాసెట్ మొత్తంలో 40 ఫ్రేములు పోయాయంటే చివరికి బొమ్మ మాటకన్నా 1.6 సెకన్లు ముందుంటుంది. ఆడియోను ఒక్కసారి జరిపితే ఇది సరికాదు. టేపు తెగిన చోటల్లా తేడా మెట్లుమెట్లుగా పెరిగింది కాబట్టి ఒకచోట కుదిరిస్తే ఇంకోచోట చెడుతుంది.

ఇలాగే కనిపించే జబ్బు ఇంకొకటుంది. బొమ్మను స్టిక్‌కూ ధ్వనిని కంప్యూటర్ లైన్-ఇన్‌కూ (బయటి ధ్వని తీసుకునే రంధ్రానికి) ఇస్తే రెండూ వేర్వేరు గడియారాల మీద నడుస్తాయి. అప్పుడు తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరులో పెరుగుతుంది. ఇది నయం, ఆడియో పొడవును రవ్వంత మారిస్తే సరిపోతుంది.

స్టిక్‌తో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పోయిన ఫ్రేముల లెక్క ఎక్కడా కనిపించదు. పైగా నేరుగా కుదించిన ఫైలే రాస్తుంది. దాన్ని పక్కనపెట్టి వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ ప్రోగ్రామ్ వాడండి. క్యాప్చర్ చేస్తున్నంతసేపూ ఎన్ని ఫ్రేములు పోయాయో, ఎన్ని కొత్తగా చొప్పించిందో పక్కనే చూపిస్తుంది. 720×576 సైజు, వైయూవై2 రంగు పద్ధతి, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ కోడెక్, 48 కిలోహెర్ట్జ్ ఆడియో పెట్టుకుంటే చాలు. గంటకు 30 నుంచి 40 జీబీ దాకా డిస్కు కావాలి. స్టిక్ నుంచి కుదించని బొమ్మ సెకనుకు దాదాపు 21 ఎంబీ వస్తుంది కాబట్టి స్టిక్‌ను హబ్‌కు కాకుండా కంప్యూటర్ పోర్టుకే నేరుగా గుచ్చాలి. కంప్యూటర్ పాతదైతే ప్రివ్యూ కూడా ఆపేయండి. వీసీఆర్ మెనూలో బ్లూ బ్యాక్ ఉంటే అదీ ఆపాలి. సిగ్నల్ కాస్త బలహీనపడగానే నీలం తెర వేసి, అంతో ఇంతో కనిపించే బొమ్మను కూడా మింగేస్తుంది.

ఇవన్నీ చేసినా తెగినచోట్ల ఫ్రేములు పోతూనే ఉన్నాయి. చివరికి పని చేసింది మూలన పడున్న డీవీడీ రికార్డర్. వీసీఆర్ నుంచి పసుపు తీగ రికార్డర్ లైన్-ఇన్‌కు, అక్కడి నుంచి ఎస్-వీడియో తీగ స్టిక్‌కు. డిస్కు పెట్టక్కర్లేదు, ఆన్ చేసి లైన్ ఇన్‌పుట్ ఎంచుకుంటే చాలు. లోపలి సర్క్యూట్ లైన్లను తిరిగి వరసలో పెట్టి, కొత్త సింక్ వేసి బయటికి పంపుతుంది. అన్ని రికార్డర్లూ ఈ పని చేయవు. పానాసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 దీనికి పేరున్నవి. బొమ్మ పైభాగం జెండాలా పక్కకు వంగడం పోయింది. పోయిన ఫ్రేముల అంకె చాలా క్యాసెట్లలో సున్నా దగ్గరే నిలిచింది.

అలాగని ప్రతి క్యాసెట్‌నూ దీని గుండా పంపడం లేదు. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే మొహాలు మైనం పూసినట్టవుతాయి, మెనూలో వెతికి ఆపాలి. ఆపినా మరీ తెల్లగా ఉన్నచోట వివరం తెగిపోతుంది. అది రికార్డర్‌లోనే పోయింది కాబట్టి తర్వాత వెలుగు తగ్గించినా తిరిగి రాదు. మంచి స్థితిలో ఉన్న టేపు నేరుగా స్టిక్‌లోకి వెళ్తేనే మేలు. ఆ మాటకొస్తే స్టిక్ బొమ్మ కూడా ముందే వెలుగు సరిచూసుకున్నప్పుడే బాగుంటుంది. వర్చువల్‌డబ్ హిస్టోగ్రామ్‌లో (బొమ్మలోని వెలుగును 0 నుంచి 255 దాకా చూపే పటంలో) చీకటీ వెలుగూ 16కూ 235కూ మధ్య ఉండేలా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ దించుకోవాలి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌తో వదిలేస్తే తెల్లబట్టల మడతలు కనపడవు.

స్టిక్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, కొత్త వీసీఆర్ దొరకదు. 2016 జులైలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా తయారీ ఆపేసింది. అందుకే క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచున తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. హెడ్లు తుడవడానికి దూదిపుల్ల పనికిరాదు, పోగు చిక్కుకుని హెడ్ కొన విరుగుతుంది. ప్లగ్ తీసేసి, షామీ తోలు పుల్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి హెడ్లు బిగించి ఉన్న గుండ్రటి డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. తిప్పాల్సింది డ్రమ్‌ను. పైకీ కిందికీ రుద్దకూడదు.

కొనొచ్చా అంటే, టీవీ నుంచి ఏకబిగిన రికార్డు చేసిన క్యాసెట్లకు స్టిక్ చాలు. ముక్కలుముక్కలుగా తీసిన క్యామ్‌కార్డర్ టేపులే ఎక్కువైతే ఒక్క స్టిక్‌నే నమ్ముకోమని చెప్పలేను. నాకు రికార్డర్ చేతిలో ఉండబట్టి గడిచింది. అది లేకుండా నాలుగైదు క్యాసెట్లే ఉంటే, ఈ పని చేసిపెట్టేవాళ్లకు ఇవ్వడమే తేలిక కావచ్చు. మినీ డీవీ క్యాసెట్లయితే అసలు స్టిక్ ఊసే వద్దు. వాటిలో ఉన్నది ముందే డిజిటల్, క్యామ్‌కార్డర్‌ను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ తీగతో గంటకు 13 జీబీ చొప్పున ఉన్నదున్నట్టు దిగుతుంది.