వేలి నరం తెగినప్పుడు: హైదరాబాద్‌లో ఒక చేతి శస్త్రచికిత్స క్లినిక్‌పై సమీక్ష

మగ్గం వర్క్ చేసే మా వదిన ఎడమ చూపుడువేలు పగిలిన గాజు గ్లాసు కోసుకొని లోతుగా తెగింది. దగ్గరలోని ఆసుపత్రిలో గాయం కడిగి, చర్మానికి కుట్లు వేసి పంపించారే తప్ప, వేలి కొసకు స్పర్శ తెలుస్తోందా అని ఎవరూ అడగలేదు. చట్రం కింద దారాన్ని సూదికి అందించే పని కంటికి కనిపించని ఆ వేలిదే. తిమ్మిరి వదలకపోవడంతో, చేతి శస్త్రచికిత్సకే ప్రత్యేకించిన ఒక క్లినిక్‌కు తీసుకువెళ్లాం.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది పరీక్ష చేసిన తీరు. మత్తు సూది పడితే స్పర్శను అంచనా వేయడం సాధ్యం కాదు కనుక, దానికి ముందే డాక్టరుగారు వదినను కళ్లు మూసుకోమని, వేలికి రెండు పక్కలా ఉండే నరాలను విడివిడిగా పరీక్షించారు. రెండు మొనలున్న పరికరాన్ని చర్మానికి మెల్లగా ఆనించి, తగిలింది ఒకటా రెండా అని అడుగుతూ పోయారు. ఆరోగ్యంగా ఉన్న వేలికొస 6 మిల్లీమీటర్ల లోపు ఎడమున్నా రెండు మొనలనూ వేరుగా గుర్తిస్తుంది. వదినకు బొటనవేలి వైపు 15 మిల్లీమీటర్లకు జరిపినా ఒక్కటిగానే తోచింది. ఆ పక్కన చెమట పట్టక చర్మం పొడిబారిందని కూడా చూపించారు. వేలిలో నరం ధమని కన్నా అరచేతి వైపున ఉంటుంది కాబట్టి, అటువైపు కోత నుంచి రక్తం చిమ్మిందంటే నరం కూడా తెగిందేమోనని అనుమానించాలని వివరించారు.

మైక్రోస్కోపు కింద నరాన్ని కుట్టారు. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని, పెద్దవారిలో స్పర్శ మునుపటంతగా రాకపోవచ్చని ముందే నిజం చెప్పారు. వేలిపై తట్టినప్పుడు జివ్వుమనే చోటు క్రమంగా కొసవైపు జరుగుతోందా అని ప్రతిసారీ చూసేవారు. పట్టు, నూలు, జరీ ముక్కలను మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకొని తడిమి గుర్తుపట్టే సాధన థెరపిస్టు ఎంతో ఓపికగా చేయించారు. స్పర్శ లేని వేలికి పెనం వేడి తెలియదని హెచ్చరించడం కూడా మరువలేదు.

లోటు లేకపోలేదు. ఇంటికిచ్చే సూచనల కాగితం ఇంగ్లీషులోనే ఉంది, థెరపీ పగటిపూటే ఉంటుంది. చేతిపని మీద బతికేవారికి వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది కనుక, సాయంత్రం ఒక గంటైనా కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.